చావడికి తలుపు ఎప్పుడు పడింది?

మాలూరులో ఆటో ఎక్కి పెళ్లికి పోవాలంటే పెళ్లివాళ్ల పేరు చెప్పి లాభం లేదు. "యా చౌట్రీ సార్? హొసూరు దావలో ఉండేదా, టేషను కాడుండేదా?" అంటాడు డ్రైవరు. చేతిలో ఉన్న శుభలేఖ మీద కన్నడంలో కల్యాణ మంటప అని ఉంటుంది. గేటు మీది కమానులో ఇంగ్లీషు అక్షరాలతో చౌల్ట్రీ అని ఉంటుంది. నోట్లోకి వచ్చేసరికి 'ల' జారిపోయి చౌట్రీ అవుతుంది. కోలారు జిల్లా తెలుగిళ్లలో పిల్లకు సంబంధం కుదిరిందంటే ముహూర్తం సంగతి తరవాత, ముందు "చౌట్రీ సిక్కిందా?" అని అడుగుతారు. ఇన్నేళ్లుగా నేనూ అంటూనే ఉన్నాను. ఈమధ్య ఎందుకో ఆ మాట నాలుక మీద అడ్డం తిరిగింది. ఇంతకీ ఇది ఏ భాష మాట? ఇంగ్లీషే గదా అన్నాడు పక్కన కూర్చున్న మా బావ. ఇంగ్లీషువాళ్ల దేశంలో పెళ్లి చేసుకునే చోటును ఎవరైనా ఇట్లా అంటారా? ఆ ఊళ్లలో తిరిగినవాళ్లను అడిగి చూడండి, వినలేదంటారు. ఇంగ్లీషువాడికే తెలియని ఇంగ్లీషు మాట మా ఆటోవాడి నోట్లోకి ఏ దారిన వచ్చినట్టు?

మాటలకు ఊరూ పేరూ అడిగే అలవాటు మా దిక్కున తక్కువ. అందుకే ఇన్నాళ్లు పట్టిందేమో. మాలూరుకు ఒక పక్క తమిళనాడు హొసూరు, ఇంకా తూర్పుకు పోతే ఆంధ్రా కుప్పం, పడమట బెంగళూరు. ఇంట్లో ఒక భాష, బళ్లో ఇంకో భాష ఇక్కడ వింత కాదు. ఈ తాలూకాలోని మాస్తి గ్రామం పేరును తన పేరుకు ముందు మోసిన మాస్తి వెంకటేశ అయ్యంగారు ఇంట్లో తమిళం మాట్లాడి, కన్నడంలో రాసి, 1983 జ్ఞానపీఠం అందుకున్నారు. మేము తెలుగులో పోట్లాడుకుని కన్నడంలో అర్జీలు రాసుకుంటాం. ఊట అయిందా అంటే అయింది అంటాం, అన్నం తిన్నావా అన్నా అదే జవాబు. ఇట్లాంటి చోట ఒక మాట వచ్చి చాప పరుచుకుని కూర్చుంటే ఎవరి తాలూకు అని ఎవరడుగుతారు?

అయితే చౌట్రీ అన్నప్పుడల్లా నాకు మా అవ్వ నోట్లోని మాట ఒకటి వెనకాల నుంచి వినిపిస్తూ ఉంటుంది. సావడి. అవ్వకు చౌట్రీ తెలియదు, సావడి తెలుసు. ఊరి నడిమధ్య, మూడు పక్కల గోడ, ముందు పక్క నాలుగు రాతి కంబాలు, మోకాలెత్తు అరుగు. దానికి తలుపు లేదు. తలుపు పెట్టాలన్న ఆలోచనే ఎవరికీ వచ్చి ఉండదు. పగలు శానుభోగుడు లెక్కల పుస్తకం తెరిచి కూర్చునేవాడట. సాయంత్రమైతే ముసలివాళ్లు ఆకూవక్కా నమిలేవాళ్లు. రాత్రి గంపలు మోసుకుని సంతకు పోయేవాళ్లు, దాసరులు, బుడబుక్కలవాళ్లు, దారిలో పొద్దు గుంకిన ఎవరైనా సరే, అరుగెక్కి పండుకునేవాళ్లు. అలిగి ఇల్లు విడిచిన మొగవాడిని వెతకాలంటే కూడా మొదట అక్కడికే పొయ్యేవాళ్లట. కోస్తావాళ్లకు చావిడి అంటే ముందుగా గొడ్లు కట్టే చోటో, ఇంటి ముందరి వసారానో గుర్తుకొస్తుందంటారు. మాకు అది ఊరి మాట.

ఆ రెండు మాటలకూ చుట్టరికం ఉందన్న అనుమానం తీర్చింది ఒక పాత నిఘంటువు. హెన్రీ యూల్, బర్నెల్ కలిసి 1886లో వేసిన హాబ్సన్-జాబ్సన్. ఇండియాలో ఉన్న ఇంగ్లీషువాళ్ల నోటబడి రూపం మారిన మన మాటలన్నిటినీ పోగేసిన పుస్తకం అది. అందులో చౌల్ట్రీ దగ్గర, ఇది దక్షిణ దేశానికే చెందిన మాట, పుట్టుక సందేహం అని మొదలుపెట్టి, మలయాళం రూపం పక్కనే తెలుగు చావడిని నిలబెట్టారు. అంటే కోటలోని దొర చెవికి మన 'డ' సరిగా ఆనక, రాతలో ఆ ల, ఆ ట, ఆ ర చేరాయన్నమాట. ఇంత చిన్న 'డ' కోసం మూడు హల్లులు ఖర్చు పెట్టారు పాపం! చావడి అట్లా పట్నం పోయి, ప్యాంటూ చొక్కా తొడుక్కుని తిరిగొచ్చిన పల్లె పిల్లవాడి మాదిరి చౌట్రీ అయి వచ్చింది. మేము వాడిని గుర్తుపట్టలేదు. పైగా దొరగారి బిడ్డేమో అనుకుని మర్యాద చేశాం.

పట్నంలో వాడు ఊరికే కూర్చోలేదు. మద్రాసులో తొలినాటి న్యాయస్థానం పేరే చౌల్ట్రీ. సెయింట్ జార్జి కోట బయట, నల్లవాళ్ల బస్తీలో, ఊరి అధికారి కూర్చుని చిన్నాచితకా తగాదాలు తీర్చే చావడి అది. 1678లో గవర్నరు స్ట్రెయిన్‌షాం మాస్టరు న్యాయవ్యవస్థను సర్దినప్పుడు చౌల్ట్రీలో కూర్చునే న్యాయమూర్తుల సంఖ్య పెంచాడు. చిన్న నేరాలు, చిన్న మొత్తాల సివిలు వ్యాజ్యాలు వాళ్లకు, పెద్దవి కోటలోని పై కోర్టుకు. ఆ నగరంలో ఒక పెద్ద మైదానానికే చౌల్ట్రీ ప్లెయిన్ అని పేరు. 1782లో కరువు వచ్చి జనం ఊళ్లు విడిచి పట్నం మీద పడితే గంజి పోసిన చోటు మణేగారు చౌల్ట్రీ. మణియగాడంటే ఊరి పెద్ద. ఆ గంజి పోసిన చోటు నుంచే నేటి స్టాన్లీ ఆసుపత్రి పెరిగింది. న్యాయం, నిద్ర, గంజి, మందు. ఇన్ని పనులు ఒక్క పేరు కింద ఇమిడాయంటే ఆ పేరులో పని కన్నా పెద్దదేదో ఉండాలి గదా?

సరిహద్దు ఊళ్లలో బతికేవాళ్లకు ఇంకొక వేడుక ఉంది. హొసూరు దాటి కృష్ణగిరి వైపు జాతీయ రహదారి పట్టుకుంటే టోలు వసూలు చేసే చోట తమిళంలో పెద్ద అక్షరాలు కనబడతాయి: సుంగచ్చావడి. సుంకం కట్టే చావడి. ఎన్నికలొస్తే అక్కడ ఓటు వేసేది వాక్కుచ్చావడిలో. ఉత్తరానికి పోతే షిరిడీలో సాయిబాబా ఒక రాత్రి మసీదులో, మరుసటి రాత్రి చావడిలో పడుకునేవాడని మన ఇళ్లలో పారాయణం చేసే ప్రతి ఒక్కరికీ తెలుసు. 1909 నుంచి 1918లో ఆయన పోయేదాకా అదే వరస. అదీ ఊరి చావడే, ఆయన కోసం కట్టించిన గుడి కాదు. ఒకే మాట ఒక రాష్ట్రంలో కారు ఆపి డబ్బు తీసుకుంటోంది, ఒకచోట ఓటు వేయిస్తోంది, ఒకచోట హారతి అందుకుంటోంది, మా ఊళ్లో తాళి కట్టిస్తోంది. ఇన్నిటిలో అసలుది ఏది అని అడగడం తప్పేమో. అయినా అడగబుద్ధి వేస్తుంది.

హాబ్సన్-జాబ్సన్‌లోనే, పుట్టుక సందేహమన్న చోటే, కుండలీకరణంలో ఒక ఊహ ఉంది. చతుర్ అంటే నాలుగు, వాటం అంటే బాట. నాలుగు బాటలు కలిసే చోటు చావడి అయి ఉండవచ్చునని. నిజమో కాదో తేల్చడం నా తరం కాదు. కాని ఆ ఊహ నన్ను వదల్లేదు. ఎందుకంటే మనకున్న ఇంకో మాట కూడా అదే సాక్ష్యం చెబుతుంది. రచ్చ. సంస్కృతంలో రథ్య అంటే వీధి, ప్రాకృతంలో అది రచ్ఛా, మన నోట్లో రచ్చ. ఊరివాళ్లు కూడే చోటుకు మనవాళ్లు దారి పేరు పెట్టారు! ఇంట గెలిచి రచ్చ గెలవమన్నప్పుడు ఇంటికి ఎదురుగా నిలబెట్టింది మేడను కాదు, వీధిని. ఇంగ్లీషు హాల్ పుట్టుకలో కప్పడం అన్న అర్థం ఉందంటారు. కప్పు వేస్తేనే అది హాలు. మనకు మాత్రం మనుషులు కూడేందుకు ముందు దారి కావాలి, కప్పు తరవాతి మాట. లోకం అనడానికి బదులు నలుగురు అంటాం మనం. నలుగురిలో పరువు, నలుగురూ నవ్వుతారు, చివరికి మోయడానికీ నలుగురు. ఆ నలుగురూ నాలుగు దారుల నుంచి వచ్చినవాళ్లేనా? ఇది భాషాశాస్త్రం కాదు, నా సరదా. కాని సరదాలకూ ఒక్కొక్కప్పుడు దారి తెలుస్తుంది.

కప్పు మాట వచ్చింది గనుక, మాలూరు నిజానికి కప్పుల ఊరు. ఇక్కడి బంకమన్నుతో చేసిన పెంకులు, ఇటుకలు లారీలకెక్కి ఎక్కడెక్కడి ఇళ్ల మీదికో పోయాయి. ఊరి చుట్టూ బట్టీల పొగ గొట్టాలు ఇప్పటికీ ఉన్నాయి. ఈ ఊరి మన్ను ఎన్ని హాళ్లకు కప్పయిందో! కప్పు లేకుండా నిలిచిపోయిన పెళ్లి మంటపం చూడాలంటే మాత్రం లేపాక్షి పోవాలి. పదహారో శతాబ్దంలో విరూపన్న మొదలుపెట్టించి ముగించలేకపోయిన కల్యాణ మండపం అది. రాతి కంబాల మీద పార్వతీ పరమేశ్వరుల పెళ్లికి వచ్చిన దేవతలు, ఋషులు నిలబడే ఉన్నారు, పైన ఆకాశం. దేవుళ్ల పెళ్లి కాబట్టి సరిపోయింది. మనుషుల పెళ్లికి వాన భయం ఉంది, జనరేటరు కావాలి, బఫే బల్లలు కావాలి. చావడి గోడలు కట్టుకుని చౌట్రీ కాక ఏం చేస్తుంది?

అసలు ఆ మార్పు ఎప్పుడు మొదలైందో ఆలోచిస్తే దారి దగ్గరికే పోవాలి. ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ పని చేసి, 1830 మేలో పరివారంతో కాశీకి బయలుదేరి, మరుసటేడు సెప్టెంబరులో ఇల్లు చేరాడు. ఆయన కాశీయాత్ర చరిత్ర చదువుతుంటే ఏ ఊళ్లో నీళ్లు బాగుంటాయో, దిగడానికి ఏ వసతి ఉందో పొద్దుపొద్దుకూ తెలుస్తుంది. నడిచేవాడి లోకానికి చావడి, సత్రం, తోపు, చెరువు గట్టు ఇవే మైలురాళ్లు. 1864లో జోలార్‌పేట నుంచి బెంగళూరు దండు దాకా రైలు వచ్చింది. ఆ దారిలోదే మా మాలూరు. పగలు ఎక్కి పగలే దిగే మనిషికి రాత్రి అరుగు దేనికి? దారిలోని చావళ్లకు అతిథి కరువయ్యాడు, స్టేషను ఎదురుగా మాత్రం కొత్త సత్రాలు లేచాయి. బెంగళూరు రైల్వేస్టేషను ముందరి గుబ్బి తోటదప్ప ఛత్రం వందేళ్లు దాటి ఇంకా ఆ పని చేస్తూనే ఉంది. సత్రం అన్న మాటకూ పాత గౌరవం ఒకటి ఉంది. వేదకాలపు సత్రయాగంలో ఋత్విక్కులందరూ యజమానులేనట; పిలిచినవాడు వేరు, వచ్చినవాడు వేరు కాదు. సత్రం భోజనం, మఠం నిద్ర అని మనం దిక్కులేనితనానికి సామెత కట్టుకున్నాం గాని, పిలుపు లేకుండా విస్తరి దొరకడం చిన్న నాగరికతా?

ఇప్పటి చౌట్రీలో విస్తరికి ముందు ఒక ప్రశ్న ఉంటుంది. మొన్న ఒక పెళ్లిలో, భోజనాల హాలు మెట్ల దగ్గర కుర్చీలో ఒక పెద్దాయన చెప్పులు విడిచి కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. ఎండలో నడిచి వచ్చినట్టు చొక్కా వీపున అంటుకుపోయి ఉంది. చేతిలో సంచీ, సంచీలోంచి తొంగిచూస్తున్న కరెంటు బిల్లు. వాచ్‌మన్ వచ్చి మర్యాదగానే అడిగాడు: "ఎవురి తట్టునుంచి పెద్దాయనా? ఆడపిల్ల తట్టా, మొగపిల్లోడి తట్టా?" ఆయన ఏ తట్టూ కాదు. "ఊరికే, రవంత నీడకు" అన్నాడు. వాచ్‌మన్ తప్పేమీ లేదు, అతని ఉద్యోగం అది. అతని తల వెనక గోడకు నోటీసు ఉంది. వంట పాత్రలు ఎంచి అప్పగించాలి, జనరేటరు డీజిలు ఖర్చు వేరు, గోడలకు టేపు అంటించరాదు, మధ్యాహ్నం మూడు గంటలకు హాలు ఖాళీ చేయాలి. పెద్దాయన సంచీ ఎత్తుకుని లేచాడు. ఏదో ఒక తట్టు చెప్పి ఉంటే పాయసంతో సహా దొరికేది. అవ్వ చెప్పిన సావడిలో తట్టులు లేవు గదా అని నాకు చప్పున అనిపించింది.

చప్పున అనిపించినవాటిని నమ్మకూడదు. లేవా నిజంగా? అవ్వ మాటలను మళ్లీ నెమరేసుకుంటే, సావడి అరుగు మీద కూర్చున్నవాళ్ల పేర్లు చెప్పింది గాని, అరుగు కింద నిలబడ్డవాళ్ల పేర్లు చెప్పలేదు. మాదిగవాడ నుంచి వచ్చినవాళ్లు ఎక్కడ కూర్చునేవాళ్లు అని నేనూ అడగలేదు. తలుపు లేదంటే అందరికీ తెరిచి ఉందని అర్థమా? మోకాలెత్తు అరుగు చాలు, గోడ కన్నా గట్టిగా ఆపడానికి. పాతకాలం సంగతులని తోసేయడానికీ లేదు. 2022 సెప్టెంబరులో మా మాలూరు తాలూకాలోనే ఒక పల్లెలో, ఊరేగింపు కోసం ఉంచిన దేవుడి గడకర్రను ముట్టుకున్నాడని ఒక దళిత బాలుడి ఇంటివాళ్లకు ఊరి పెద్దలు 60 వేల రూపాయల జరిమానా వేశారు. కట్టకపోతే ఊరు విడవమన్నారు. పోలీసు కేసు అయింది, పత్రికలకెక్కింది. ఆ తీర్పు చెప్పినవాళ్లు కూడా నలుగురే. నలుగురు కూడి చెప్పారు కాబట్టి అది న్యాయమని వాళ్లు అనుకున్నారు. నాలుగు దారులు కలిసే చోటని నేను మురిసిపోయిన మాట నడిబొడ్డున, ఐదో దారి ఒకటి ఎప్పుడూ మూసి ఉండేదన్నమాట.

ఈ సందులోనే రాజ్యాంగం పదిహేనో అధికరణం నాకు కొత్తగా కనబడింది. కులం, మతం, పుట్టుక పేరు చెప్పి ఎవరినీ ఆపరాదన్న చోట, ప్రభుత్వ సొమ్ముతో నడిచే బావులు, చెరువులు, స్నానఘట్టాలు, దారులు, జనం కూడే తావులు అని వరసగా పేర్కొన్నారు. దారినీ కూడలినీ ఒకే ఊపిరిలో చెప్పారు. మన పాత మాటలు మొహమాటంగా సూచించినదాన్ని వాళ్లు హక్కుగా రాశారు. అట్లా రాయవలసి వచ్చిందంటేనే, పేరు ఎంత విశాలంగా ఉన్నా చోటు దానంతటది విశాలం కాదని వాళ్లకు తెలుసు.

ఆ తరవాత మనమేం కట్టుకున్నాం? కర్ణాటకలో ఏ తాలూకాకు పోయినా సముదాయ భవన అన్న బోర్డులు కనబడతాయి. సముదాయం అంటే అందరూ అని నిఘంటువు చెబుతుంది. బోర్డు మీద ఆ మాటకు ముందు చాలాచోట్ల ఒక కులం పేరు ఉంటుంది, అద్దెలో ఆ కులంవాళ్లకు తగ్గింపు ఉంటుంది. ఇవన్నీ వృథా అనను. చావడి అరుగు ఎక్కనివ్వని వాళ్లకు తమ పిల్ల పెళ్లి తమ హాల్లో చేసుకోవడం ఎంత పెద్ద మాటో, అరుగు మీద పుట్టినవాడికి తెలియదు. అంబేడ్కర్ భవనం అన్న బోర్డు కింద బంతి భోజనం వడ్డిస్తుంటే అది ఒక పాత లెక్క తీరడమే. ఇక రచ్చ గతి ఇంకో రకం. ఆంధ్రలో ప్రభుత్వం జనం దగ్గరికి పోవాలనుకున్నప్పుడు రచ్చబండ అనే పేరు పెట్టుకుంది. 2009 సెప్టెంబరు 2న అప్పటి ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారు చివరిసారి బయలుదేరింది చిత్తూరు జిల్లాలోని ఆ కార్యక్రమానికే. అదే మాట కుర్రాళ్ల నోట్లో రచ్చ రచ్చ అయి అల్లరికి పేరైంది, సినిమాకూ పేరైంది. నలుగురు కూడడం అంటేనే గొడవ అన్న అర్థం స్థిరపడిపోతే, నలుగురినీ కూడనివ్వకూడదనేవాళ్లకు పని సులువు కాదా?

నాకు సావడి కట్టించమని అడిగే కోరిక లేదు. ఆ అరుగుల మీద ఎవరెవరికి చోటుండేదో తెలిశాక వాటి కోసం బెంగ పడటం నా వల్ల కాదు. చౌట్రీ మీద కోపమూ లేదు. అద్దె కట్టినవాడు తన పెళ్లికి తనవాళ్లనే పిలుచుకుంటాడు, అందులో అన్యాయం ఏముంది? కాని మాలూరులో ఇన్ని చౌట్రీలు లేచాక కూడా, ఏ తట్టూ కానివాడు మిట్టమధ్యాహ్నం వచ్చి గడియసేపు కూర్చునే చోటు ఏదని లెక్క తీస్తే బస్టాండు బెంచీ, స్టేషను ప్లాట్‌ఫారం, చెరువు గట్టు తప్ప ఎక్కువ రావు. మూడింటికీ తలుపు లేదు, మూడూ దారి మీదివే. మా మున్సిపాలిటీవాళ్లు రేపు కొత్త భవనానికి ఏం పేరు పెట్టాలని అడిగితే, పాతమాటల్లో మంచివి నాలుగు ఏరి ఇవ్వగలను. అంతకు ముందు, దాని మెట్ల దగ్గర నిలబడేవాడికి ఏ ప్రశ్న అడగమని చెబుతారో వాళ్లు నాకు చెప్పాలి.